గైర్‌ముల్కీ తెలిసినోనికి ఇంగ్లిషు మాట ఎందుకు తెల్వదు?

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ ముందట పొద్దున ఏడు గంటలకే పిల్లలు వరుస కడతరు. కుర్చీ దొరకాలె గనుక. మొన్న ఒక తమ్ముడు మా పక్కన నిలబడి చిన్న పుస్తకం తిప్పుతున్నడు. మహబూబ్‌నగర్ దిక్కు పిల్లగాడు, డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఆ పుస్తకంల అయిదు వేల ఇంగ్లిషు మాటలున్నయి, ఎదురుంగ అర్థాలున్నయి. రోజుకు యాభై చొప్పున బట్టీ పట్టుమని కోచింగు సారు చెప్పిండట. ఎక్కడిదాక వచ్చినవ్ తమ్మీ అని అడిగితే, "సీ దాటిన అన్నా, ఇది మూడోసారి మొదలువెట్టుడు" అన్నడు.

మాకు నవ్వు వచ్చింది, బాధా అయింది. ఎందుకంటే మేమూ గట్లనే చదివినం. మన పిల్లలలో ఎవరినన్నా అడగుండ్రి. 'ఏ' అక్షరంతోని మొదలయ్యే మాటలు అందరికీ వస్తయి. అబాండన్, అబేట్, అబాలిష్ అని టకటకా చెప్తరు. 'పీ' దగ్గరికి వస్తే నోరు పెగలదు. ప్రతి నోటిఫికేషనుకూ మళ్ల మొదటి పేజీ నుంచి షురూ చేస్తరు గనుక, పుస్తకంల మొదటి ముప్పై పేజీలు నలిగి, మిగిలినయి కొత్తగ పెళపెళలాడుతుంటయి. తప్పు పిల్లలది కాదు. చదివిచ్చే పద్ధతిది.

మా సంగతి చెప్తం. 2010ల ఒక బ్యాంకు పరీక్ష రాసినం. డిసెంబరు ప్రకటన వచ్చి, వెనక్కి పోయి, క్యాంపస్ ఉడుకుతున్న రోజులు. పొద్దున ర్యాలీ, రాత్రి చదువు. ఆ పరీక్షల 'బెలికోస్' అనే మాటకు అర్థం అడిగిండ్రు. పక్క దేశం బెలికోస్ ప్రకటన చేసేసరికి సరిహద్దుల సైన్యాన్ని అప్రమత్తం చేసిండ్రు అన్నట్టు వాక్యం ఉన్నది. మేము వాక్యం చూడనే లేదు. మాటను ఒక్కదాన్నే కండ్లు పెద్దగ చేసి చూసినం. బెల్ అంటే గంట, గంట అంటే పెద్ద చప్పుడు, అని లెక్కగట్టి 'గట్టిగా మోగే' అన్న జవాబు పెట్టినం. బయటికొచ్చి దోస్తును అడిగితే యుద్ధానికి కాలు దువ్వే అని అర్థం చెప్పిండు. లాటిన్‌ల బెల్లం అంటే యుద్ధం. మన తినే బెల్లం కాదు. ఆ బెల్లం ముందట 'రీ' చేరితే, అంటే మళ్ల యుద్ధానికి లేస్తే, వాడు రెబెల్. పొద్దున లేస్తే పేపర్లల్ల మేము చదివే మాట, ఎన్నికలొస్తే ఊరూరా వినే మాట, పోలీసోల్లు మమ్మల్నే అన్న మాట. రెబెల్ అని అనిపించుకున్నం గానీ ఆ మాటల యుద్ధం ఉన్నదని మాకు తెల్వది. ఆ మార్కు పోయింది, దాంతోటి ఇంకొంచెం మైనస్ కూడ పోయింది.

ఇక్కడ రెండు దారులు మూసుకున్నం మేము. ఒకటి మాట పుట్టుక. రెండోది మాట కూసున్న వాక్యం. సైన్యం, సరిహద్దు, అప్రమత్తం అన్న మూడు మాటలు పక్కనే నిలబడి చెయ్యి ఊపుతున్నయి. బెలికోస్ అన్న మాట జిందగీల వినకపోయినా, గంట మోగితే సైన్యాన్ని సరిహద్దుకు ఎవడన్నా పంపుతడా అని ఆలోచిస్తే సరిపోయేది.

ఇంగ్లిషు మాటల పరీక్ష ఎంత బరువు ఉంటదో ఉద్యోగాల కోసం తిరిగెటోల్లకు ఎరుకే. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గ్రాడ్యుయేట్ పరీక్ష తొలి దశల వంద ప్రశ్నలుంటె ఇరవై అయిదు ఇంగ్లిషువే. 200 మార్కులకు 50. అందులో సమానార్థాలు, వ్యతిరేకార్థాలు, ఖాళీలు పూరించుడు, ఒక వాక్యానికి ఒక్క మాట చెప్పుడు, అన్నీ మాటల మీద నడిచేటియే. బ్యాంకుల సంగతి వేరే చెప్పనక్కర లేదు. క్లర్కు పరీక్షలు తెలుగుతో కలిపి 13 ప్రాంతీయ భాషలల్ల పెట్టాలని 2021ల కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది, మంచిదే. కని ఇంగ్లిషు విభాగం ఇంగ్లిషుగనే ఉన్నది కద. అదెక్కడికి పోతది?

అమెరికా పోయెటోల్లు రాసే జీఆర్ఈల 2011 దాకా ఒక్క మాట ఇచ్చి దాని వ్యతిరేకార్థం అడిగెటోల్లు. అప్పుడు లావుపాటి మాటల లిస్టులు అమీర్‌పేటల మస్తుగ అమ్ముడుపోయినయి. ఆ ఏడు పరీక్షనే మార్చిండ్రు. వ్యతిరేకార్థాలు తీసేసి, వాక్యంల ఖాళీకి సరిపోయే మాటలు ఎంచుకొమ్మని పెట్టిండ్రు. అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌ల ఆ పని 1994లనే అయిపోయింది. పరీక్ష పెట్టెటోడే బట్టీ పనికిరాదని ఒప్పుకున్నడు. మన దగ్గర పుస్తకం అమ్మెటోడు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

ఇగ అసలు ముచ్చట. మాట పుట్టుక పట్టుకొని అర్థం చెప్పుడు అంటే ఏదో కాన్వెంటు పిల్లల విద్య అనుకుంటరు మనోల్లు. లాటిన్, గ్రీకు అనంగనే భయపడతరు. తెలంగాణ పిల్లగానికి ఈ విద్య పుట్టినప్పటి నుంచి వస్తది. వచ్చని వానికి ఎవరూ చెప్పలేదు, గంతే.

దవా అంటే మందు, ఖానా అంటే ఇల్లు, దవాఖాన. అదే ఖానా కార్ఖానల ఉన్నది, జైలుఖానల ఉన్నది. జమీన్ ఉన్నోడు జమీందారు. దుకాణం ఉన్నోడు దుకాణ్‌దారు. పట్టా ఉన్నోడు పట్టాదారు. సర్కారు పథకంల లబ్ధి పొందెటోడు లబ్ధిదారు. లబ్ధి సంస్కృతం, దారు ఫార్సీ. రెండు జాతుల మాటలను కలిపి ముడివేసి, మండలాఫీసుల రోజూ వాడుతున్నం. కారు అంటే పని, పని లేనోడు బేకారు. షరతు లేకుంటే బేషరతు. ఈమాన్ లేనోడు బేఈమాన్. మంజూరు కాకుంటే నామంజూరు. లాయకు కానోడు నాలాయకు. ఏ అవ్వ నోట ఈ మాటలు రావు? ఆమె ఏ బడికి పోయింది?

గైర్ ఒక్కటి తీసుకోండ్రి. గైర్ అంటే కానిది, వేరేది. హాజరు కానోడు గైర్‌హాజరు. ముల్క్ అంటే దేశం, ఆ దేశపోడు ముల్కీ, కానోడు గైర్‌ముల్కీ. 1952ల వరంగల్‌ల మొదలై హైదరాబాదుల కాల్పుల దాక పోయిన పోరాటానికి ఈ ఒక్క మాటనే పేరు. అప్పటి పిల్లలు 'గైర్' తీసేసి ఇంగ్లిషు 'నాన్' తగిలించి నాన్‌ముల్కీ అన్నరు. లాటిన్ ముక్క తెచ్చి అరబ్బీ మాటకు అతికించిండ్రు, అర్థం చెక్కుచెదరలేదు. భాషాశాస్త్రం చదివి చేసిన పని కాదది. ముందు ముక్క ఏం చేస్తదో, అసలు మాట ఏందో వాల్లకు ఎరుక. ఆ పిల్లల మనుమలకు ఇయ్యాల 'ఇన్', 'అన్', 'డిస్', 'మిస్' అంటే ఏందో విడమరిచి చెప్పెటోడు లేక అయిదు వేల మాటల పుస్తకం చేతిల పెడుతున్నం.

తెలుగు మీడియం పిల్లగాని దగ్గర ఇంకో మూట ఉన్నది. ఆరో తరగతి నుంచి పదో తరగతి సైన్సు పుస్తకం. కిరణజన్య సంయోగక్రియ అని ఎందరం బట్టీ కొట్టలేదు? ఫొటో అంటే వెలుగు, సింథసిస్ అంటే కలుపుడు. రెండింటినీ ముక్కకు ముక్క తెలుగు చేసి పెట్టిండ్రు. మైక్రోస్కోపు సూక్ష్మదర్శిని. థర్మామీటరు ఉష్ణమాపకం. యాంఫీబియన్లు ఉభయచరాలు. హిప్పోపొటమస్ నీటిగుర్రం, గ్రీకుల హిప్పోస్ గుర్రం, పొటమోస్ ఏరు. అంటే మన పాఠ్యపుస్తకాలు రాసినోల్లు గ్రీకు, లాటిన్ మాటల కండ, ఎముక విడదీసి మన చేతిల పెట్టిండ్రు. మనమే వాటిని మార్కుల కోసం చదివి పారేసినం. థర్మో అంటే వేడి అని తెలిసినోడు థర్మల్ స్టేషను దగ్గర ఆగడు, థర్మోస్టాట్ అన్నా బెదరడు. యాంఫీ అంటే రెండు దిక్కులని తెలిసినోనికి 'యాంబీ' కూడ దాని చుట్టమే, యాంబిగ్యువస్ అంటే రెండు దిక్కుల గుంజే మాటని సగం తెలిసిపోతది.

అరాచకం అంటే రాజు లేనిది. అనార్కీ అన్నా పాలకుడు లేనిదే. సంస్కృతంల హల్లు ముందట 'అ', అచ్చు ముందట 'అన్' వస్తది, అజ్ఞానం, అనారోగ్యం. గ్రీకుల కూడ అంతే, అపొలిటికల్, అనార్కీ. సూత్రం కూడ ఒక్కటే! మహాత్మ అంటే గొప్ప ఆత్మ, మాగ్నానిమిటీ అన్నా గొప్ప మనసే. 'మాగ్న' మన 'మహా'కు దగ్గరి చుట్టం. ఈ చుట్టరికాన్ని 1786ల కలకత్తాల విలియం జోన్స్ సభల చెప్పిండు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒక్క మూలం నుంచి వచ్చినయని. దంతం డెంటల్, పాదం పెడల్, నామం నామినేషన్, నవం నావెల్, మృత్యువు మోర్టాలిటీ. వెతుక్కుంట పోతె తెగవు.

అట్లని తెలుగు సంస్కృతం బిడ్డ అని ఎవరన్నా వాదిస్తే నమ్మకుండ్రి. 1816ల మద్రాసుల ఎల్లిస్ అనే కలెక్టరు, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటల, తెలుగు ధాతువులను తమిళ, కన్నడ ధాతువుల పక్కన పెట్టి చూపించి, ఇది వేరే కుటుంబమని తేల్చిండు. ఆయన పట్టుకున్నది కూడ మాట వేరునే. కాకపోతే అరువు తెచ్చుకున్న సంస్కృతం మన దగ్గర మూటలు మూటలున్నది, ఫార్సీ, అరబ్బీ సరుకు దానికి తోడు ఉన్నది. పరీక్షల అక్కరకొస్తె ఏ మూటైతే ఏంది?

ఉస్మానియా సంగతి ఒకటి యాది చేసుకోవాలె. 1918ల ఉర్దూ మీడియంల యూనివర్సిటీ పెట్టినప్పుడు, ఇంగ్లిషు సైన్సు మాటలను ఉర్దూల చెప్పనీకి అనువాద శాఖను నడిపిండ్రు. అరబ్బీ, ఫార్సీ మూలాల నుంచి కొత్త మాటలు పుట్టించుడే దాని పని. తెలుగు పిల్లలను ఉర్దూల చదివించుడు న్యాయమా అన్నది వేరే లెక్క, ఆ కోపం మనకు ఉన్నది. కని ఒక నగరం నూరేండ్ల కింద కూసొని మాటల వేర్లు తవ్విన మాట నిజం. ఆ యూనివర్సిటీ లైబ్రరీల కూసొని ఇయ్యాల మన పిల్లలు 'ఏ' నుంచి 'జెడ్' దాకా బట్టీ కొడుతున్నరు.

తెలుగు పేపరు సంగతన్నా బాగున్నదా అంటే అదీ లేదు. టెట్‌ల తెలుగుకు ముప్పై మార్కులు. పర్యాయపదాలు, వ్యుత్పత్త్యర్థాలు తప్పకుండ అడుగుతరు. మన బీఎడ్ పిల్లలు సముద్రానికి అయిదు పేర్లు, మబ్బుకు అయిదు, తామరకు అయిదు అని పదిహేను మాటలు వేరేవేరేగ రాసుకుంటరు. నీళ్లకు మన దగ్గర ఉన్న పేర్లు రాసుకోండ్రి, జలం, అంబువు, నీరం, వారి, పయస్సు. వెనక 'ధి' పెడితే నీళ్లను దాచుకున్నది, అంటే సముద్రం. జలధి, అంబుధి, నీరధి, వారిధి, పయోధి. 'ద' పెడితే నీళ్లు ఇచ్చేది, మబ్బు. జలదం, అంబుదం, నీరదం, వారిదం, పయోదం. 'జ' పెడితే నీళ్లల్ల పుట్టింది, తామర. జలజం, అంబుజం, నీరజం, వారిజం, పయోజం. నేర్చుకోవాల్సింది ఎనిమిది ముక్కలు, చేతికొచ్చేది పదిహేను మాటలు. ఒత్తు ఉన్న 'ధి'కి, ఒత్తు లేని 'ద'కు తేడా పట్టుకుంటే చాలు. వారిధి సముద్రం, వారధి వంతెన, అక్కడ ఒక్క గుడి జారితే మార్కు జారినట్టే.

ఇంతదూరం చెప్పి ఒక హెచ్చరిక చెప్పకుంటే మోసం అయితది. వేరు పట్టుకున్నంత మాత్రాన చెట్టు ఏందో తేలదు. రాజీనామానే చూడుండ్రి. రాజీ అంటే ఒప్పందం, నామా అంటే కాయితం. పంచనామా, వీలునామా తీరుగనే. వేరును బట్టి పోతే రాజీనామా అంటే రాజీపడ్డ కాయితం. ఉర్దూల ఆ అర్థం ఉన్నది కూడ. తెలుగుల మాత్రం కొలువు వదులుకునుడు. 2008 నుంచి మన దగ్గర రాజీనామాల జాతర నడిచింది. కొందరివి తెలుగు రాజీనామాలు, కొందరివి ఉర్దూ రాజీనామాలు, ఎవరివి ఏవో చదివెటోల్లకు ఎరుకే.

ఇంగ్లిషుల ఈ తీరు మాటలు బోలెడు. వాల్యుయబుల్ అంటే విలువైంది, ముందట 'ఇన్' పెట్టి ఇన్‌వాల్యుయబుల్ అంటే విలువ లేనిది అనుకొని ఎందరు మునగలేదు? వెల కట్టలేనిది అని దాని అర్థం. ఇన్‌ఫ్లేమబుల్ అని ట్యాంకరు మీద రాస్తరు, అంటుకోదని కాదు, భగ్గున అంటుకుంటదని. అక్కడ 'ఇన్' అంటే కాదు అని కాదు, లోపటికి అని. 'పెడ్' అంటే లాటిన్‌ల పాదం, పెడల్, పెడెస్ట్రియన్. గ్రీకు నుంచి వస్తే పిల్లగాడు, పీడియాట్రిక్స్, టెట్ రాసేటోల్లకు నిద్రల కూడ యాదికొచ్చే పెడగాజీ. మల్లా ఆ పెడెస్ట్రియన్‌కే కాలినడకపోడు అని కాక, చప్పటిది, కొత్తదనం లేనిది అని ఇంకో అర్థం. ఆయన ఉపన్యాసం పెడెస్ట్రియన్‌గ ఉన్నది అంటే నడుచుకుంట మాట్లాడిండని కాదు.

అందుకని వాక్యం చూడాలె. వాక్యంల చిన్నచిన్న మాటలే దారి చూపుతయి. ఎప్పుడూ గలగల మాట్లాడే మంత్రి ఆనాడు మాత్రం ట్యాసిటర్న్‌గ కూసున్నడు అని ఉంటే, ట్యాసిటర్న్ వినకపోయినా 'మాత్రం' అన్న మాట అర్థాన్ని అడ్డం తిప్పుతది. మూగగ, ముభావంగ ఉన్నడన్నట్టే. ఇంగ్లిషుల 'బట్', 'ఆల్దో', 'డిస్పైట్' వస్తే వాక్యం దిక్కు మారింది. 'బికాజ్', 'దేర్‌ఫోర్' వస్తే అదే దిక్కున పోతున్నది. 'ఆర్' వచ్చి పక్కన సులువు మాట ఉంటే అర్థం చేతిల పెట్టినట్టే. మొదలు ఖాళీల ఏం పడాలెనో మన తెలుగులనే మనసుల అనుకొని, తర్వాత జవాబుల దిక్కు చూడాలె. ముందుగాల జవాబులు చూస్తే అన్నీ నిజమే అనిపిస్తయి.

ఈ పని మనకు కొత్తదా? ఆయనకు ఇగురం లేదు, ఉన్న రెండెకరాలు తాగి ఖరాబు చేసిండు అంటే, ఇగురం అన్న మాట ఎరుకలేనోనికి కూడ ముందుచూపు, తెలివిడి లాంటిదేదో అని తెలిసిపోతది. కోస్తా దోస్తు ఒకాయన మాత్రం ఇగురు అంటే కూర కద అన్నడు. కూర లేకుంటే భూమి ఎందుకు అమ్ముతడయ్యా అని నవ్వినం. వాక్యం చూడక మాటను చూస్తే జరిగేది ఇదే. బెల్లు, గంట తీరు.

కొంచెం లెక్క కూడ చెప్పుకుందం. స్టాఫ్ సెలక్షన్ తొలి దశల నాలుగు జవాబులు, ఒప్పుకు రెండు మార్కులు, తప్పుకు అర మార్కు కోత. ఏమీ ఎరుక లేక నాలుగు ప్రశ్నలు గుడ్డిగ పెడితే సగటున ఒకటి ఒప్పు, మూడు తప్పు, మిగిలేది అర మార్కు. వేరు పట్టుకొని రెండేసి జవాబులు తీసేసి పెడితే రెండు ఒప్పు, రెండు తప్పు, మిగిలేది మూడు మార్కులు. అయిదు జవాబులుండి పావు మార్కు కోత ఉండే పరీక్షలల్ల గుడ్డిగ పెడితే మిగిలేది సున్నా, ఒక్కటి తీసేసినా అప్పుడు లాభం మొదలైతది. అర్థం మొత్తం ఎరుక ఉండాల్సిన పని లేదు. మాట మంచిదా చెడ్డదా తెలిసినా సగం పని అయితది. 'మాల్' చెడ్డదని మనకు కొత్తగ చెప్పాలెనా? మాల్‌ప్రాక్టీసు కింద డిబారు చేస్తరు, మలేరియా అంటే చెడ్డగాలి అని పూర్వం అనుకున్నరు. మెలెవొలెంట్ కనపడితే దయ, ప్రేమ అన్న జవాబులు కొట్టేయొచ్చు. 'బెనె' బెనిఫిట్ తీరు మంచిది, దానికి పక్షం తిప్పుండ్రి.

ఒక సంగతి మాత్రం మేము దాచం. చిన్న ఇంగ్లిషు మాటలకు, పుట్ అప్ విత్, కాల్ ఆఫ్, గెట్ ఓవర్ లాంటియాటికి, ఏ వేరూ దొరకదు. అవి చదివి, విని రావాల్సిందే. రోజుకో సంపాదకీయం చదవకుండ వేర్లు నేర్చుకున్నోడు ఈత పుస్తకం చదివి బాయిల దుంకినోడు. 2014ల సివిల్స్ ప్రిలిమ్స్‌ల ఇంగ్లిషు భాగం మీద ఢిల్లీల పిల్లలు రోడ్డెక్కితే, ఆ మార్కులు మెరిట్‌కు లెక్కపెట్టమని కేంద్రం చెప్పాల్సి వచ్చింది. పరీక్ష మారాలని కొట్లాడుడు న్యాయమే, కొట్లాడుదం. కని వచ్చే నెల పరీక్ష ఇప్పుడున్న తీరుగనే ఉంటది.

నీళ్లు, నిధులు, నియామకాలు అని తెచ్చుకున్న రాష్ట్రంల స్టడీ సర్కిళ్లు సర్కారువే ఉన్నయి. అక్కడన్నా అయిదు వేల మాటల పుస్తకం పక్కన పెట్టి, రెండు వందల వేర్లు, వాటి పక్కన మన బడి పుస్తకాల మాటలు, మన దవాఖాన, పట్టాదారు, గైర్‌హాజరు మాటలు పెట్టి ఒక చిన్న పుస్తకం ఎందుకు తేవద్దు? తెలుగు సారు, ఇంగ్లిషు సారు, ఉర్దూ సారు ఒక్క గదిల పదిహేను రోజులు కూసుంటే అయ్యే పని. ముగ్గురూ జీతాలు తీసుకుంటున్నోల్లే.

లైబ్రరీ తలుపు తీసిండ్రు. ఆ పాలమూరు తమ్మునికి బెలికోస్ సంగతి చెప్పినం. వాని పుస్తకంల అది 'బీ'ల ఉన్నది, మూడుసార్లు దాటి వచ్చిండు, ఒక్కసారి కూడ నిలువలేదట. పెన్సిలు తీసి దాని పక్కన తెలుగుల రెబెల్ అని రాసుకున్నడు. "మా మామ పోయిన సర్పంచు ఎలక్షన్ల రెబెలే అన్నా" అనుకుంట లోపటికి ఉరికిండు, ఫ్యాను కింది కుర్చీ పోతదని.